మాత్ర మానమని కాదు, మాత్రతో పాటు ఏం చేయాలో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా అక్టోబరు 12న ప్రపంచ ఆర్థరైటిస్ దినం వస్తుంది. ఆ వారంలో ఆరోగ్య పేజీలన్నీ కీళ్ల నొప్పుల గురించే మాట్లాడతాయి. ఈసారి మీ పేజీలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నడక, యోగా, ఆకుకూరలు, చేపలు, నిద్ర అని లోపల రాసినవాటిలో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. కానీ పైన ‘మందుల్లేకుండానే కీళ్లవాతానికి చెక్’ అని శీర్షిక పెట్టారు. మా ఊళ్లో చాలామంది శీర్షిక వరకే చదువుతారు. చదివి మాత్రలు పక్కన పెడతారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. మా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఇక్కడి ఆడవాళ్లమంతా సంతోషించాం. ఇప్పుడు ఆ లేసు అల్లే చేతుల గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి.

నాకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్. లేసు అల్లినందువల్ల వచ్చింది కాదు. వయసు మీద పడి మోకీళ్లు అరగడం వేరు, ఇది వేరు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారితప్పి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్లకే రావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడింతలు ఎక్కువ. ముందుగా వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. తెల్లవారి లేచేసరికి పిడికిలి ముడుచుకోదు. జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా, కుళాయి తిప్పాలన్నా, ఆవకాయ జాడీ మూత తీయాలన్నా గంటకు పైగా వేళ్లు మన మాట వినవు. ఇక లేసు సూది సంగతి చెప్పనక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టు ఉంటేనే ఆ పని సాగుతుంది.

దీన్ని పట్టించుకోకపోతే వాపుతో పోదు. కీలు లోపల ఎముక తినేసి, వేళ్లు చిటికెన వేలి వైపుకు ఒరిగిపోతాయి. ఒకసారి ఒరిగిన వేలు ఏ ఆకు పసరుతోనూ, ఏ ఆసనంతోనూ మళ్లీ తిన్నగా కాదు. మొదటి నెలల్లోనే మందు పడితే ఆ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. మీ శీర్షిక చూసి ఆ మొదటి నెలలు పోగొట్టుకునే అమ్మాయి ఎక్కడో ఒకచోట ఉంటుందన్నదే నా దిగులు.

మాకు సాధారణంగా ముందు ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. ఇంటికి తెచ్చుకోగానే ఎవరో ఒకరు ఫోనులో వెతికి ‘ఇది క్యాన్సర్ మందట’ అని భయపెడతారు. క్యాన్సర్‌కూ వాడే మాట నిజమే. అక్కడి మోతాదు వేరు. మాకు వారానికి ఒక్కసారే, అదీ కొద్ది మిల్లీగ్రాములే. అమెరికాలో 1988లోనే రుమటాయిడ్‌కు దీన్ని అనుమతించారు. మా జిల్లావాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాలనిపిస్తుంది. 1895లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఒక బృందాన్ని నడిపారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఆ బృందమే. ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులను, మెథోట్రెక్సేట్‌తో సహా, తయారుచేసిందీ వాళ్లే. వారానికొకసారి నేను మింగే మాత్ర వెనకా, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఇచ్చే ఫోలిక్ మాత్ర వెనకా ఆయన శ్రమ ఉంది. అలాంటి మందును ‘ఇంగ్లీషు మందు, ఒంటికి పడదు’ అని విసిరిపారేస్తుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

జాగ్రత్తలు లేవని కాదు. వారానికి ఒకసారి వేసుకోవలసినదాన్ని పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నాకిచ్చిన రెండు రకాల మాత్రలూ పసుపు రంగువే, రెండూ చిన్నవే. అందుకని గోడ మీది క్యాలెండరులో ప్రతి ఆదివారం గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి పెట్టాను. ఆ మాత్ర డబ్బా బీరువాలో, ఫోలిక్ డబ్బా వంటింటి అలమరాలో ఉంటాయి. రక్త పరీక్ష, లివర్ పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకుంటాను. ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదు కాబట్టి పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. మీ వ్యాసం పక్కన ఒక చిన్న పెట్టెలో పట్టే విషయాలివి.

మా పెద్ద తోడికోడలికీ ఇదే జబ్బు. ఎవరో చెబితే మాత్రలు మానేసి, పొరుగు ఊరు నుంచి ఒక పొడి తెప్పించుకున్నారు. మొదటి వారంలోనే నొప్పులు చేత్తో తీసేసినట్టు పోయాయి. ఇంటిల్లిపాదీ ఆ పొడికి దండం పెట్టారు. కొన్నాళ్లకు ఆవిడ ముఖం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరు వచ్చింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చని డాక్టరు గారన్నారు. ఉన్నపళంగా ఆపినా ముప్పేనని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ తీసుకొచ్చారు. అసలు మందు లేని ఆ కాలంలో కుడిచేతి వేళ్లు ఒరిగిపోయాయి. ఇప్పుడు ఆవిడ అన్నం కలుపుకోవాలన్నా చెంచా కావాలి.

అయితే చీటీ రాసి పంపేస్తే తమ పని అయిపోయిందనుకునే డాక్టర్లతోనూ నాకు పేచీ ఉంది. మా వీధిలో ఒకాయనకు మందులు మార్చి మార్చి ఇచ్చారు. ఆయన నోట్లో చుట్ట ఆరదు. పొగ ఈ జబ్బు రావడానికీ, ముదరడానికీ కారణమవుతుందనీ, పొగ తాగేవాళ్లకు మందులు అంతగా పనిచేయకపోవచ్చనీ ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. చిగుళ్ల జబ్బుకూ దీనికీ సంబంధం ఉందంటారు. నా పళ్లు ఎలా ఉన్నాయని కూడా ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2022లో అమెరికాలోని కీళ్లవాత వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, మందులతో పాటు చేయవలసిన వ్యాయామం, తిండి వంటి విషయాల మీద సూచనలు విడుదల చేసింది. అందులో అన్నిటికంటే గట్టిగా చెప్పింది క్రమం తప్పని వ్యాయామం గురించి. మా అమ్మ కాలంలో కీళ్లు వాస్తే కదలకుండా పడుకోమనేవారు. వాపు ఉధృతంగా ఉన్నప్పుడు నెమ్మదించాలి తప్ప, ఊరికే కూర్చుంటే కండ కరిగి కీలు ఇంకా బిగుసుకుపోతుంది. ఈ జబ్బున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువ కాబట్టి నడక రెండు విధాలా మంచిది. చేతుల సంగతికొస్తే, బ్రిటన్‌లో సుమారు 490 మంది రోగులతో చేసిన ఒక పరిశీలన 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మందులు కొనసాగిస్తూనే చేతి వ్యాయామాలు చేసినవాళ్లకు ఏడాది తర్వాత కూడా చేతిపని మెరుగ్గా ఉంది. మన ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ మందులు వాడుతున్నవాళ్లకే 8 వారాలు యోగా నేర్పి చూశారు, జబ్బు తీవ్రత తగ్గింది. రెండు చోట్లా మందు ఆపలేదని గమనించండి.

నేను చేసేది చాలా మామూలుగా ఉంటుంది. లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి, నీళ్లలోనే వేళ్లు ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకిస్తాను. చపాతీ పిండి ముద్దను పిసుకుతాను. బల్ల మీద అరచేయి ఆనించి వేళ్లు విప్పి మూస్తాను. లేసు సూది మరీ సన్నం కాబట్టి దాని కాడకు పాత నూలుగుడ్డ చుట్టి లావు చేసుకున్నాను, వేళ్ల మీద బరువు తగ్గింది. ఒక పువ్వు అల్లడం పూర్తికాగానే సూది పక్కన పెట్టి చేతులు చాపుకుంటాను. మా పక్క ఆడవాళ్లకు ఇదంతా చూపించాను, జబ్బు లేనివాళ్లు కూడా సూదికి గుడ్డ చుట్టుకుంటున్నారు.

తిండి విషయంలో ఆ సూచనలు కాస్త మెత్తగానే మాట్లాడాయి. మధ్యధరా దేశాల తరహా భోజనం, అంటే కూరగాయలు, పప్పులు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె, కొంత మేలు చేయవచ్చన్నాయి. మిగతా ప్రత్యేక పథ్యాలను, డబ్బాల్లో అమ్మే పోషక పొడులను సిఫారసు చేయలేదు. ఆలివ్ నూనె మావంటివాళ్లు కొనలేరు. కానీ కందిపప్పులో తోటకూర, గుప్పెడు వేరుశనగలు, వారంలో రెండుసార్లు కవళ్లు, కానాగంతలు లాంటి చేపల పులుసు పెట్టుకోవడం మాకు కష్టం కాదు. వంజరం చేప కంటే చవక కూడా. సముద్రపు చేపల్లోని ఒమేగా-3 కొవ్వు వాపును కొంత తగ్గిస్తుంది. మనవాళ్ల పథ్యం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వంకాయ వద్దు, పప్పు వాతం, పెరుగు వద్దు, చేప వద్దు అని ఒక్కొక్కటీ తీసేసి చారన్నం మీద పడుకోబెడతారు. ఈ జబ్బుతో అసలే రక్తం తక్కువ, కండ తక్కువ. ఏదైనా తింటే నిజంగా ఇబ్బందిగా ఉన్నవాళ్లు అది మానుకోవచ్చు, అందరి కంచంలోంచీ లాగేయడం మాత్రం అన్యాయం.

మీ పత్రిక పల్లెపల్లెకూ వెళ్తుంది. ఇకమీదట ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ‘డాక్టరు ఇచ్చిన మందు ఆపకండి’ అన్న వాక్యం శీర్షిక కిందే, అందరికీ కనపడేలా వేయండి. కణుపులు వాచి, పొద్దున బిగుసుకుపోవడం కొన్ని వారాలైనా తగ్గకపోతే రుమటాలజిస్టు, అంటే కీళ్లవాత నిపుణుడైన డాక్టరు, దగ్గరికి వెళ్లమని రాయండి. ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒకరోజైనా చేతి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టమని మీ సంపాదకీయంలో అడగండి. అది జరిగేలోగా ఒక ఫిజియోథెరపిస్టును సంప్రదించి ఆ వ్యాయామాల బొమ్మలు ఒక ఆదివారం సంచికలో అరపేజీ వేయండి. బొమ్మలు పెద్దవిగా, కింద మాటలు తక్కువగా ఉంటే చదువురానివాళ్లకూ పనికొస్తాయి. మా లేసు కేంద్రంలో గోడకు అంటించే పూచీ నాది.

ఇట్లు,
ఒక లేసు కార్మికురాలు,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా