సినిమా విండో చెదిరితే ఫార్మాట్ చేయించనక్కరలేదు

సంపాదకులకు నమస్కారములు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, పాత ల్యాప్‌టాప్‌లను పారవేయకుండా వాటిలో విండోస్‌కు బదులు ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం వేసుకోవచ్చునని మీ సాంకేతిక శీర్షికలో సూచించడం సమయోచితంగా ఉంది. అయితే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకుంటే సినిమాలన్నీ ఆడతాయని ఒక్క వాక్యంలో తేల్చివేసిన విషయమే కొత్తగా లైనక్స్‌కు మారినవారిని ఎక్కువగా చికాకు పెడుతున్నది. బొమ్మ ఒక విండోలో, మీటలు మరొక విండోలో తెరుచుకుంటాయి. లేదా విండో తెరను దాటి పెరిగిపోతుంది. లేదా మాటలు వినిపిస్తుంటే బొమ్మ నల్లగా ఉండిపోతుంది. రిపేరు దుకాణంలో అడిగితే ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేస్తామంటారు.

మొదటి ఇబ్బందికి మూలం చాలాసార్లు ప్లేయర్‌లో కాక, తెరపై విండోలను చూపే వ్యవస్థలో ఉంటుంది. 1987 నాటి ఎక్స్11 పద్ధతిలో ఒక ప్రోగ్రాం తన విండోలో మరొక విండోను పొదిగించుకోగలదు, తన విండో ఎక్కడ ఉండాలో తానే నిర్ణయించుకోగలదు. 2008లో మొదలైన వేలాండ్ అనే కొత్త పద్ధతి ఆ స్వేచ్ఛను కావాలనే తగ్గించింది. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా పక్క విండోలో మనం కొట్టే అక్షరాలను గమనించగలదు కనుక ఆ జాగ్రత్త సబబే. పాత పద్ధతిని నమ్ముకుని రాసిన ప్లేయర్లు మాత్రం అక్కడ తడబడుతుంటాయి. ఉబుంటు 24.04లో లాగిన్ తెరపై పేరు ఎంచుకున్నాక కింది మూలన కనిపించే చక్రం గుర్తును నొక్కి, 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' (అంటే పాత ఎక్స్11 పద్ధతి) ఎంచుకుని చూస్తే, తేడా ఎక్కడున్నదో నిమిషంలో తెలిసిపోతుంది.

విండో తెరను దాటిపోవడానికి కారణం ఇంకా చిన్నది. పాత ల్యాప్‌టాప్‌ల తెర తరచుగా 1366×768 పిక్సెళ్లు ఉంటుంది, వీడియో 1920×1080 ఉంటుంది. వీడియో కొలతకు తగినట్లు విండోను మార్చే ఎంపికకు వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో (అమరికల పేజీలో) టిక్కు ఉంటే అది అంత మేరా పరుచుకోజూస్తుంది. ఆ టిక్కు తీసివేస్తే చాలు. ఈలోగా పైపట్టీ అందకపోతే, విండోస్ గుర్తున్న మీటను నొక్కిపట్టి మౌస్‌తో విండోను ఎక్కడ పట్టుకునైనా జరపవచ్చు. బొమ్మ నల్లగా ఉన్నప్పుడు అదే ప్రిఫరెన్సెస్‌లోని ఇన్‌పుట్/కోడెక్స్ విభాగంలో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను (వీడియోను విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఎంపికను) ఆపి చూడాలి. అప్పటికీ రాకపోతే వీడియో విభాగంలో అవుట్‌పుట్‌ను ఆటోమేటిక్ నుంచి మార్చి చూడాలి.

ప్లేయర్‌ను తీసివేసి మళ్లీ వేసినా ఫలితం లేదని పలువురు వాపోతుంటారు. ఆ అమరికలు చాలాసార్లు ప్రోగ్రాంతో పాటు పోవు. మన హోమ్ ఫోల్డరులో వేరే ఫైలుగా ఉండిపోయి, కొత్తగా వేసిన ప్లేయర్‌కూ అవే వర్తిస్తాయి. ప్రిఫరెన్సెస్ కిందిభాగంలోని రీసెట్ మీటే అందుకు సరైన మార్గం.

అమీర్‌పేటలో లైనక్స్ నేర్పే శిక్షణా కేంద్రాలకు కొదవ లేదు కానీ, అక్కడి పాఠాలు ఎక్కువగా ఉద్యోగం కోసం, సర్వర్ల కోసం. ఇంట్లో సినిమా చూసుకునేవారికి తెలుగులో చెప్పేది మీవంటి పత్రికలే. ఒక్క మనవి: ఉబుంటు 25.10 నుంచి ఆ ఎక్సార్గ్ ఎంపికను తొలగించారు కనుక, ఇకపై మీ శీర్షికలో ఇటువంటి సూచనలు ఇచ్చేటప్పుడు అవి ఏ వెర్షన్‌కు వర్తిస్తాయో తప్పక పేర్కొనవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్.