అర్థం తెలియని పాటలే మాకు తోడు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్లలో ఇంగ్లిషు పాటలు పెట్టడం గురించి పోయిన ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒకాయన రాసింది చదివాను. డీజే మోత మీద ఆయన రాసిన ప్రతి మాటా నిజం. మా వీధిలోనూ అర్ధరాత్రి దాకా కిటికీ అద్దాలు అదురుతుంటాయి. కానీ ‘అర్థం తెలియని పాట మన బతుకులో ఎలా కలుస్తుంది?’ అని ఆయన అడిగిన చోట నా మనసు చివుక్కుమంది. మా కాపురమంతా అలాంటి పాటలతోనే గడిచింది.

మా పెళ్లి 1983లో. మా ఆయనది ఓడల మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పని. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మొదటి దీపావళికి టేప్ రికార్డర్ కొన్నాం. ఇక క్యాసెట్లకి డబ్బులు మిగల్లేదు. పాత పోస్టాఫీసు వైపు ఒక దుకాణంలో ఎవరో వాడేసిన క్యాసెట్ చవగ్గా దొరికితే అదే పట్టుకొచ్చారు. అట్ట మీద ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. ‘ఏటిరా దాని పేరు?’ అని మా అత్తగారు వంటింట్లోంచి అడిగితే, ‘అబ్బా’ అన్నారీయన. ‘ఏటయింది, దెబ్బ తగిలిందా?’ అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చారు.

ఆయనకి ఇంగ్లిషు రాదు. ‘ఏటంటందే ఆవిడ?’ అని నన్నడిగేవారు. నాకు తెలిసేది సగమే, మిగతా సగం సొంతంగా కల్పించి చెప్పేదాన్ని. చాలా ఏళ్లకి తెలిసింది, ఆ ‘అబ్బా’ అనే పాటల బృందం వాళ్లది స్వీడన్ అని, ఇంగ్లిషు వాళ్లకీ నేర్చుకున్న భాషేనని. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది ఆ నేర్చుకున్న భాషలోనే. మేము క్యాసెట్ కొనేనాటికే నలుగురూ కలిసి పాడడం మానేశారట. ఆ సంగతి తెలియకుండానే కొత్త పాటల కోసం ఎదురుచూశాం.

రీలు చిక్కుపడితే పెన్సిలుతో తిప్పేవాళ్లం. గుండ్రటిది జారిపోతుంది, ఆరు పలకల పెన్సిలైతేనే పళ్లకి పట్టు దొరుకుతుంది. ఒకసారి రీలు తెగితే ఆయన సెల్లోటేపు ముక్క అతికించారు. అప్పట్నుంచీ ఆ పాట అక్కడికొచ్చేసరికి ఒక మాట మింగేసేది. ఇప్పుడు ఫోన్‌లో అదే పాట పూర్తిగా వస్తుంటే మా ఇద్దరికీ అక్కడ తాళం తప్పినట్టుంటుంది.

ఆ నలుగురూ రెండు జంటలు. రెండు జంటలూ విడిపోయాయి. 1980లో వచ్చిన ఒక పాట, విడిపోయాక భర్త రాస్తే భార్య పాడింది. స్థలం అమ్మకం గొడవలో మేమిద్దరం పదకొండు రోజులు మాట్లాడుకోనప్పుడు ఆయన ఆ పాటే పెట్టారు, రాగం బాగుందని. అది ఎడబాటు పాటని నాకు తెలుసు. వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఎందుకని అడగడానికి ఆయన నోరు విప్పాల్సి వచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కంచరపాలెంలో మా పెరట్లో మామిడిచెట్టు పడిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. పాత టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు వేసి చీకట్లో ఆ క్యాసెట్టే వింటూ కూర్చున్నాం. పక్కింటి వాళ్లూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

అప్పటికే ఆయనకి వినికిడి తగ్గింది. ఓడ ట్యాంకుల్లోకి దిగి తుప్పు రాలగొట్టే పని, ఇనుప గోడల మధ్య సుత్తి మోత. చెవుల్లో పెట్టుకోడానికి ఆ కాంట్రాక్టరు ఏమీ ఇచ్చేవాడు కాదు, ఈయన దూది కుక్కుకునేవారు. దూది ఆ మోతని ఆపలేదు. ఇవాళ ఆ పని చేస్తున్న పిల్లలు సిగ్గుపడకుండా అడిగి తీసుకోవాలి. సన్నటి శబ్దాలు ముందు పోతాయని డాక్టరు చెప్పారు. మా ఆయనకి పోయినవి ఆ ఇద్దరాడవాళ్ల గొంతులు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, ‘ఇప్పుడు పైకెళ్లిందా?’ అని అడిగేవారు. నేను ఆయన మణికట్టు మీద తాళం వేసేదాన్ని.

2021 నవంబరు 5న, నలభై ఏళ్ల తర్వాత ఆ నలుగురూ కొత్త పాటలు విడుదల చేశారు. అమ్మాయి ఫోన్‌లో పంపితే స్పీకరుకి కలిపి పెట్టాను. వయసు మీద పడి ఆ గొంతులు కాస్త కిందికి దిగాయి. అందుకేనేమో, ఆయన చెయ్యి తీసేసి, ‘వినబడతందే’ అన్నారు.

పొద్దున్నే మా ఆయన మీ పత్రికలో ముందు తీసేది ఈ పేజీనే. ఇదంతా ఆయనతో చెప్పాలంటే అరిచి చెప్పాలి, అలా అరిచి చెప్పే మాటలు కావివి. వీలైతే అచ్చువెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం.