సెలవు రోజులు ముందే చెప్పాలి

హైదరాబాద్ చూడ్డానికి పిల్లాపాపలతో వచ్చేవారికి ఏ రోజు ఏది మూసి ఉంటుందో చెప్పే దిక్కు లేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం. మొన్న శుక్రవారం మ్యూజియం గేటు ముందు ఊరి నుంచి వచ్చిన ఓ కుటుంబం కనిపించింది. తల్లి చంకలో నిద్రపోతున్న పాప, సంచిలో పులిహోర డబ్బా, గడియారంలో గంట కొట్టే బొమ్మను చూడాల్సిందేనని ఏడుస్తున్న పిల్లాడు. దింపిన ఆటోవాలా కిరాయి తీసుకుని అప్పుడే మాయం! సెలవు సంగతి అతనికి తెలియదంటే నేను నమ్మను. ఫోన్‌లో చూసుకోవచ్చుగా అంటారు కానీ అందరికీ అది చేతకాదు. బస్టాండ్లు, రైల్వే, మెట్రో స్టేషన్లలో సందర్శన వేళలు, సెలవులు, టికెట్ ధరలతో తెలుగు, ఉర్దూ, హిందీల్లో పెద్ద బోర్డులు పెట్టాలి. పండుగ సెలవుల్లో మార్పులుంటే వాటిపైనే అతికించాలి.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట