‘ఇది నాకెందుకు?’ అంటే జవాబు చెప్పండి

సంపాదకులకు,

పదో తరగతి పిల్లలకు చదువు మీద ధ్యాస ఉండటం లేదంటూ పోయిన ఆదివారం మీరు వేసిన కథనం చదివి వారం కావస్తున్నా మనసు ఊరుకోవడం లేదు. తప్పంతా సెల్‌ఫోన్ మీదికి నెట్టేశారు. ఫోన్ లాక్కున్నంత మాత్రాన పిల్లవాడు పుస్తకం తీయడు. "ఈ లెక్కలు నాకెందుకు?" అని వాడు అడిగినప్పుడు ఇంట్లోగానీ బడిలోగానీ ఏం చెప్పారో మీ విలేకరి కనుక్కోలేదు. "మార్కులు రాకపోతే నీ బతుకింతే" అనడం జవాబు కాదు, బెదిరింపు.

జవాబు చేతికి అందేలా ఉండాలి. నాలుగు వైపులా 50 గజాలున్న స్థలాన్ని, ఎదురెదురు వైపుల సగటు తీసి హెచ్చవేసి, 2,500 చదరపు గజాలని తేల్చేస్తుంటారు. మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటేనే అది నిజం. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి చూస్తే 60 గజాలే వచ్చిందనుకోండి. అప్పుడు ఆ స్థలం 50, 50, 60 గజాల భుజాలున్న రెండు త్రిభుజాలు. మూడు భుజాల పొడవుల నుంచే వైశాల్యం కట్టే హెరాన్ సూత్రంతో ఒక్కోటి 1,200, మొత్తం 2,400. అంటే వంద గజాలు, రెండు సెంట్ల పైచిలుకు, లేని నేలకు డబ్బు కట్టినట్టు. టేపు పిల్లల చేతికే ఇవ్వాలి, లెక్క వాళ్లే కట్టాలి. పెద్దలు ముందే జవాబు చెప్పేస్తే అదీ ఇంకో పాఠమైపోతుంది.

అప్పుల లెక్కా అంతే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి, మూడేళ్లకు ప్రామిసరీ నోటుకు గడువు దాటి కాలదోషం పట్టకుండా వడ్డీని అసలులో కలిపి 1,72,000కు తిరగరాస్తే, ఆరేళ్లు నిండేసరికి బాకీ 2,95,840. అసలు మీదే వడ్డీ కడితే 2,44,000. ఆ 51,840 ఎక్కడ పుట్టిందో తనే కట్టి తేల్చుకున్న పిల్లకు చక్రవడ్డీ ఎందుకని ఎవరూ చెప్పనక్కర్లేదు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర గుర్తుంటే అత్యంత విషమని, 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం చొప్పున 20.7 కిలోలని సైన్సు మాస్టారు చెప్పవచ్చు.

అయిష్టం వెనక చాలాసార్లు ఉండేది భయం. పదో తరగతి బీజగణితంలో చతికిలబడే పిల్లలకు రాని వాటిలో ముఖ్యమైనవి భిన్నాలు, రుణ సంఖ్యలు. ఆరు, ఏడు తరగతుల పుస్తకాల్లోంచి పది లెక్కలిచ్చి ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. అక్కడి నుంచి రోజూ ఇరవై నిమిషాలు చేయించండి. రాని పాఠాన్నే మళ్లీ చెప్పే ట్యూషన్‌కు పంపితే ఆ పునాది అలాగే మిగిలిపోతుంది. ఇంకొకటి, ప్రశ్నను సొంత తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే ఇబ్బంది లెక్కది కాదు, ఇంగ్లిషుది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పక్కపక్క పేజీల్లో రెండు భాషలూ ఉన్నాయి. తెలుగు పేజీ చదివాకే ఇంగ్లిషు పేజీకి వెళ్లనివ్వండి. తెలుగు పేజీ చూస్తే ఇంగ్లిషు రాదని ఆపేవాళ్లు పిల్లలకు చేస్తున్నది అన్యాయం.

ఇక అధికారులు. తనిఖీకి వస్తే అడిగేది ఉత్తీర్ణత శాతం ఒక్కటే. ప్రయోగశాల తాళం ఎప్పుడు తీశారని అడగరు. వెనకబడిన పిల్లలకు 35 మార్కులకు సరిపడా నాలుగు పాఠాలు ఏరి బట్టీ పట్టించమంటారు. ఆ ఏరివేతలో ముందు ఎగిరిపోయేవి ఇలా పనికొచ్చే పాఠాలే. ఆటల పీరియడ్, డ్రాయింగ్ పీరియడ్ స్లిప్ టెస్టులకు పోతాయి. యాప్‌లలో ఫొటోలు, వివరాలు ఎక్కించడంలో టీచర్ల సమయం హరించుకుపోతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలంటోంది. ఆ చట్టం వచ్చింది 2009లో. తనిఖీ రిజిస్టరులో ఆ మాటకు ఒక గడి పెట్టమని అడుగుతున్నాను.

మీ పత్రికా మినహాయింపు కాదు. విద్యార్థుల పేజీ అంటే బిట్ల పేజీ అయిపోయింది. వారానికి ఒక్కసారైనా ఆ బిట్లు తగ్గించి, కరెంటు బిల్లు శ్లాబులదో, పొలం కొలతదో ఒక లెక్క వేయండి. జవాబు మరుసటి వారం ఇవ్వండి.

— ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, తెనాలి