వార్షిక నివేదిక 2024–25: బ్యారేజీ దిగువ ఇసుక, పిట్టలు, మనం

మన పక్షుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరెవరు వచ్చారు అన్నదాంతో నివేదిక మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈసారి ఆ పట్టికలనూ జమాఖర్చులనూ విడి కాగితాలుగా జతచేశాం, తీరిగ్గా చూసుకోండి. ఫ్లెక్సీల పద్దు దగ్గర కొందరు ఆగుతారని తెలుసు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను: ఆ డబ్బు దండగైంది. 'పక్షులు గుడ్లు పెట్టే చోటు, దయచేసి దూరంగా ఉండండి' అని రాయించి ఏప్రిల్‌లో కట్టాం. ఒకటి గాలికి చిరిగిపోయింది. ఇంకొకటి పుచ్చకాయల బండికి పందిరైంది. మిగిలినవి చదివినవాళ్లు 'ఓహో, ఇక్కడ పిట్టలున్నాయా' అంటూ చూడటానికి ఇసుకలోకి దిగారు.

కొత్త సభ్యుల కోసం చోటు గురించి రెండు మాటలు. మనం చూసుకునేది విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి దిగువన, కనకదుర్గ వారధి వైపు సాగే కృష్ణా నదిని. ఇది ప్రభుత్వం ప్రకటించిన అభయారణ్యం కాదు. 1957లో పూర్తయిన బ్యారేజీకి 70 గేట్లు. అవి మూసి ఉన్నన్నాళ్లు ఎగువన 12 అడుగుల మట్టంతో నీళ్లు నిండుగా ఉంటాయి, దిగువన ఇసుక తేలుతుంది. ఎగువ నీళ్లు బోట్లకూ ఘాట్లకూ భవానీ ద్వీపానికి వెళ్లేవాళ్లకూ పనికొస్తాయి. దిగువ ఇసుక తీతువులకు, నదిలో చేపలు పట్టుకునే రివర్ టెర్న్ పిట్టలకు కావాలి. ఇవి చెట్టెక్కి గూడు కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు రాయిలోనో ఇసుకలోనో కలిసిపోయే రంగులో ఉంటాయి, అడుగు దూరంలో నిలబడినా కనిపించవు.

వాటికి మార్చి నుంచి మే దాకా పని. మనకూ అప్పుడే పరీక్షలైపోతాయి, సెలవులొస్తాయి, సాయంత్రం ఇంట్లో ఉక్కపోత. కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ కట్టాక దాని వెంట నడవడానికి జనం బాగా అలవాటు పడ్డారు. అందులో తప్పేముంది? ఇన్ని లక్షలమంది ఉన్న ఊళ్లో కాస్త గాలి ఆడే చోటు ఎక్కడుందని? నది పిట్టలకే అనే మాట మన సంఘం ఏనాడూ అనలేదు, ఇకముందూ అనదు.

ఇక మే నెల సంగతి. దీన్ని రాయొద్దని కమిటీలో ఇద్దరన్నారు. రాయాల్సిందేనని నా పట్టు.

మన సభ్యుడొకరు నాలుగు గుడ్లున్న తీతువు గూటిని కనిపెట్టి, ఫొటోతోపాటు లొకేషన్ కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఆదివారం కెమెరాలు, బైనాక్యులర్లు పట్టుకుని పదిహేనుమందిమి దిగాం. కార్యదర్శిగా నేనూ ఉన్నాను. పద్ధతిగానే ఉన్నాం, గూటి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు, గొంతు కూడా పెంచలేదు. నీటి పక్కన చల్లగా ఉందని అక్కడ చాపలు వేసుకుని పదకొండు దాకా కూర్చున్నాం. తల్లి పిట్ట చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. మంచి ఫొటోలు వచ్చాయని సంబరపడ్డాం.

ఎండాకాలంలో తీతువు గుడ్ల మీద కూర్చునేది ముఖ్యంగా వాటికి నీడ పట్టడానికి. ఎండ మరీ ముదిరితే నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను తడుపుతుంది. రోళ్లు పగిలే ఎండల్లో అవి బతికేది ఆ తడితోనే. మనం చాపలు వేసింది సరిగ్గా ఆ గూటికీ నీటికీ మధ్య. తీతువు అరిస్తే అపశకునమని పెద్దవాళ్లు అంటారు. ఆ రోజు తీతువుకు ఎదురైన అపశకునం మనమే.

మర్నాడు వెళ్లేసరికి రెండు గుడ్లను కాకులు తినేశాయి. మిగిలిన రెంటిలోంచీ పిల్లలు రాలేదు. మనం తిని వదిలేసిన పులిహోర పొట్లాలే ఆ కాకులను అక్కడికి రప్పించాయన్నది నా అభిప్రాయం. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు.

కొంచెం అవతల రోజూ క్రికెట్ ఆడే పిల్లలను అంతకుముందు రెండుసార్లు మందలించి ఉన్నాం. వాళ్లలో ఒకడు నాతో, "మేం గంట ఆడి వెళ్లిపోతాం అంకుల్. మీ కెమెరాలవాళ్లే పొద్దంతా కదలట్లేదు," అన్నాడు. వాడికి ఏం చెప్పాలో తోచక నవ్వి ఊరుకున్నాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. చేపలు పట్టే ఒక పెద్దాయన దారి చూపించారు. ఎత్తుగా పొడిగా ఉన్న ఇసుక మీద పిట్టలుంటాయి, తడి అంచు వెంట మనుషులు నడవాలి, మధ్యలో రెండు చోట్ల పిట్ట నీళ్లకు దిగడానికి ఖాళీ వదలాలి, అంతేనన్నారు. వెదురు కర్రలు పాతి ఎర్ర గుడ్డ కట్టాం. పాత మెత్త చీరలు చింపిన గుడ్డలే, పైసా ఖర్చు లేదు. క్రికెట్ పిల్లలు పిచ్ జరుపుకున్నారు. అంతేకాదు, ఎవరైనా కర్రలు దాటితే "అక్కడికి వెళ్లొద్దండీ" అని కేకలు వేసిందీ వాళ్లే. ఆరు గంటలకే టెలిస్కోపు పెట్టుకుని గోడ మీద నిలబడ్డ మన ఇద్దరు సభ్యుల దగ్గర జనం వరస కట్టారు. గోడ మీద నుంచే పిట్ట కన్ను కూడా కనిపిస్తుంటే ఇసుకలోకి దిగాలని ఎవరికనిపిస్తుంది? ఫ్లెక్సీల డబ్బు ఇంకో టెలిస్కోపుకు పెట్టి ఉండాల్సింది.

కర్రలకు అనుమతి కోసం ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. రసీదు భద్రంగా ఉంది.

జూన్, జూలై, ఆగస్టుల్లో చెప్పుకోదగ్గ పనులు లేవు. సెప్టెంబరు గురించి మీకు చెప్పేదేముంది? బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, 2009 అక్టోబరు నాటిదాన్నీ మించింది. కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకు గుద్దుకోవడం టీవీల్లో చూశాం. రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది, అటు బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచింది. ఆ నెల మన సభ్యులు పిట్టలను చూడలేదు. నీళ్ల ప్యాకెట్లు, అన్నం పొట్లాలు మోశారు. కర్రలు, గుడ్డలు, ఆ ఇసుక తిన్నె కూడా నదిలో పోయాయి.

కార్తీకంలో రెండు రద్దీలు ఒకేసారి వచ్చాయి. వలస వచ్చే ఉల్లంకి పిట్టలు, బాతులు దిగేది అప్పుడే, మన తెల్లవారుజాము స్నానాలు, వనభోజనాలూ అప్పుడే. అరటి దొప్పల్లో వదిలిన దీపాల వల్ల ఏ ఇబ్బందీ లేదు, థర్మకోల్ పళ్లేలతోనే చిక్కు. పౌర్ణమి తెల్లారాక రెండు రోజులు వాటిని ఏరాం. అసలు పని తిండి పారేయకుండా చూడటం, ఎందుకంటే ఎంగిలి ఉన్నచోటికి కుక్కలు చేరతాయి, కుక్కలు చేరిన ఇసుక మీద పిట్ట వాలదు. ఆ పని మనవల్ల కాలేదు. నవంబరు 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరినప్పుడు మనవాళ్లు చాలామంది చూడటానికి వెళ్లారు, నేనూ వెళ్లాను. అది రోజూ ఎగిరితే నీటి పిట్టల సంగతేమిటని వచ్చే దారిలో మాట్లాడుకున్నాం. దానిమీద కమిటీలో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.

డిసెంబరులో గుంటూరు దగ్గర ఉప్పలపాడుకు బస్సు కట్టుకుని వెళ్లాం. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. గట్టు మీద మోటారు సైకిళ్లు, పిల్లల గోల, గేదెలు అన్నీ ఉన్నాయి, పిట్టలు మాత్రం తల తిప్పి చూడలేదు. శబ్దమే పిట్టలకు శత్రువని మన సంఘంలో ఇన్నాళ్లూ వాదిస్తున్నాం. అక్కడ తేడా ఏమిటంటే మనిషికీ గూటికీ మధ్య నీళ్లున్నాయి, ఎవరూ దిగి దగ్గరికి రారు. మన ఇసుక మీద ఎండాకాలం ఆ అడ్డు ఉండదు. అది లేని చోట మనం పెట్టగలిగింది వెదురు కర్రలే.

సంక్రాంతికి చైనా మాంజా చుట్టుకున్న నీటికాకిని పిల్లలే తెచ్చారు. 2017లోనే నిషేధించిన దారం ఇంకా దొరుకుతోంది. రెక్కకు కోత పడినా ఆ పిట్ట మూడో రోజుకు తేరుకుని ఎగిరింది. జనవరి నీటిపక్షుల లెక్కింపులో మంచు పట్టి, ఒకే గుంపును రెండు జట్లు లెక్కపెట్టాయన్న గొడవ తేలలేదు, అందుకే ఆ అంకె పట్టికలో ఖాళీగా ఉంది.

మార్చి రెండో వారంలో వరద కొత్తగా పోసిన తిన్నె మీద ఒక తీతువు జంట గుంటలు చేస్తూ కనిపించింది. కర్రలు పాతేశాం, పిచ్ ఎక్కడ వేసుకోవాలో పిల్లలతో మాట్లాడాం. ఆ తిన్నె ఎక్కడుందో ఈ నివేదికలో రాయడం లేదు, గ్రూపులో అడిగినా చెప్పం. చూడాలనుకునేవాళ్లు ఆదివారం ఆరింటికి గోడ మీద టెలిస్కోపు దగ్గరికి రండి. చాపలు తేవద్దు.

కార్యదర్శి