నీలం చీర అక్కకు

మంగళవారం పొద్దున పంజాగుట్ట నిమ్స్‌లో ఎమ్మారై గది బయట నా పక్కన కూర్చున్న అక్కా, మీ పేరడగడం కూడా మరిచాను. ‘మెదడులో గడ్డ ఉండొచ్చు, కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో గడ్డ స్పష్టంగా కనబడేందుకు) ఎక్కించి మళ్లీ తీయాలి’ అన్న మాట తప్ప నా చెవికి ఇంకేదీ ఎక్కని రోజది. మీరే నా ఫైలు తీసుకుని కాయితాలన్నీ తేదీలవారీగా సర్దారు. గాజులు, మెట్టెలు తీయించి మీ కొంగున ముడేసుకున్నారు. ‘లోపల డబడబా మోగుతది చెల్లె, అది మిషన్ మోతే, భయపడకు’ అన్నారు. (మీరు చెప్పినదానికంటే గట్టిగానే మోగింది!) మెనింజియోమా అనే మెదడు పొరల గడ్డ చాలావరకు క్యాన్సర్ కాదనీ, మీవారికి అది తీసి 3 ఏళ్లయిందనీ, ఇప్పుడు స్కూటర్ మీద కూరగాయలు తెస్తున్నారనీ చెప్పారు. నా రిపోర్టు ఇంకా రాలేదక్కా. ఆ రాత్రి మాత్రం కడుపునిండా అన్నం తిన్నాను.