అమెరికా ఫొటోలోని ఆ రెండు గ్రేలు

పైడితల్లమ్మ పండగ దగ్గర పడుతోంది, ఇళ్లకి రంగుల పని మొదలైంది. ఈసారి మా రంగుల షాపుకొచ్చేవాళ్లలో చాలామంది ఫోనులో ఒకటే ఫొటో చూపిస్తున్నారు. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో పంపిన రెండు షేడ్లు: అగ్రీయబుల్ గ్రే, రిపోజ్ గ్రే. ఏది వెయ్యమంటారని అడుగుతున్నారు.

రెండూ షెర్విన్ విలియమ్స్ అనే అమెరికా రంగుల కంపెనీవి. ఆ డబ్బాలు నా దగ్గర లేవు. మా రంగులు కలిపే మిషన్లో దగ్గరి షేడ్ కలిపిస్తాను గానీ అచ్చు అదే రాదు. వస్తుందని చెప్పి అమ్మలేను.

గోడ ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో చెప్పే లెక్కని ఎల్‌ఆర్‌వీ అంటారు. కటిక నలుపుకి 0, పాల తెలుపుకి 100. అగ్రీయబుల్‌ది 60, రిపోజ్‌ది 58. ఈ తేడా కంటికి ఆనదు. అసలు తేడా లోపలి ఛాయలో ఉంది. మొదటిదాంట్లో గోధుమ రంగు ఎక్కువ. రెండోది చల్లన, ఉత్తరం కిటికీ గదిలో కాస్త నీలంగా తేలుతుంది. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద మరీను. మనవాళ్లు ఎక్కువగా పెట్టించుకునేవి ఆ లైట్లే కాబట్టి, నా ఓటు మొదటిదానికే. తెల్ల మార్బుల్, పసుపు లైట్లు ఉన్న హాలైతే రెండోదీ నప్పుతుంది.

గంటస్తంభం చుట్టుపక్కల పాత ఇళ్లు కొన్ని పక్కింటి గోడని ఆనుకునే ఉంటాయి, నడిమి గదికి కిటికీయే ఉండదు. అక్కడ రెండూ వద్దు. 60 అంటే పడ్డ వెలుతుర్లో నూటికి 40 వంతులు గోడే మింగేస్తుంది. ఐవరీ వేయించండి. పాత ఫ్యాషనని పిల్లలంటే అననీయండి, ఆ గదిలో ఉండేది మీరు.

కలిపిన డబ్బా మాత్రం వెనక్కి తీసుకోను. కంపెనీ తీసుకోదు, ఇంకొకరు కొనరు. అందుకే ప్లైవుడ్ ముక్క మీద రెండు కోట్లు వేసి ఇస్తున్నాం. దాని ఖర్చు మీదే, ఆ షేడే తీసుకుంటే బిల్లులో తగ్గిస్తాను. ముక్కని గోడకి ఆనించి పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లైటేసి చూడండి. తడి రంగు చూసి మాటివ్వకండి, ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది. వానలకి చెమ్మెక్కిన గోడైతే ముందు అది బాగుచేయించండి, తర్వాతే లప్పం.

పండగ ముందు మిషన్ దగ్గర రద్దీగా ఉంటుంది. ముక్కలు కావలసినవాళ్లు కాస్త ముందే చెప్పండి.